డ్రైవరు నిద్ర

ఛీ, ఈ బండి ఇప్పుడే ఆగాలా అనుకుంది ప్రశాంతి, కిటికీ ఊచకు ఆనించిన మోచెయ్యి చురుక్కుమంటే వెనక్కి లాక్కుంటూ. అనంతపురం దాటి చాలాసేపయింది, గుంతకల్లు ఇంకా రాలేదు, మధ్యలో ఊరి పేరు రాసిన పలక కూడా సగం వెలిసిపోయిన ఈ చిన్న స్టేషన్లో బెంగళూరు ప్యాసింజరు నిలబడిపోయింది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ ఆ గాలి పెట్టె చివరున్న మరుగుదొడ్డిని పలకరించి మరీ వస్తోంది. కాళ్ల కింద శనక్కాయ పొట్టు, ఎవరో సగం తిని పారేసిన చిత్రాన్నం పొట్లం, దాని మీద ఈగలు, ఆ ఈగలే లేచి వచ్చి పెదవుల మీద వాలుతుంటే ఒళ్లు జలదరించింది. చేతిలో ఫోను చెమటకు జారుతోంది. అనంతపురంలో బండి ఆగినప్పుడు వచ్చింది ఆ మెసేజి: కాసేపట్లో ఫోన్ చేస్తాను, ఔనో కాదో అప్పుడే తేల్చెయ్, నీ వెనక చాలామంది నిలబడి ఉన్నారు. పంపింది చంద్రమోహన్, పాత కంపెనీలో పైవాడు, ఇప్పుడు కొత్త కంపెనీకి పైలట్లను చూసిపెడుతున్నాడు. రేపు చెప్పమన్న మనిషి ఈరోజే చెప్పమంటున్నాడు. ఇంటికి పోయి, ముఖం కడుక్కుని, నాయనకు అంతా వివరించి, ఒక పూట నిదానంగా ఆలోచించి చెబుదామనుకున్న మాటను ఇప్పుడు ఈ కంపులో కూర్చుని, ఈగలు తోలుకుంటూ చెప్పాలి.

ఔనంటే మళ్లీ విమానం ఎక్కుతుంది. కాదంటే ఇక జన్మలో ఎక్కకపోవచ్చు. అంతకంటే తిరకాసు ఏమీ లేదు దీంట్లో. ఆమె కో-పైలట్‌గా పనిచేసిన కంపెనీ దివాలా తీసి మూతపడింది, కొత్తవాళ్లను తీసుకునే కంపెనీ ఇంకొకటి కనుచూపు మేరలో లేదు, విమానం నడపకుండా కూర్చున్న పైలట్‌కు చెయ్యి మొద్దుబారుతుందని చట్టమే అంటుంది, ఇలాగే ఇంకొన్ని నెలలు గడిస్తే పెట్టెలో ఉన్న లైసెన్సు పూజకు తప్ప పనికిరాదు. అందుకే కదా నిన్న బెంగళూరులో ఆ హోటల్ హాలుకు పోయింది, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, పాత కంపెనీ గుర్తు విప్పేసిన చోట దారపు పోగులు కనపడకుండా పైట పిన్నుతో సర్దుకుని. ఎంతమంది వచ్చారో! తలకు రంగు వేసుకున్న పెద్ద కెప్టెన్లు, వాళ్ల చెంపల మీదుగా చెమటతో కలిసి కారుతున్న నల్లటి రంగు, డాల్డా వాసన కొడుతున్న చల్లటి పఫ్‌లు, వాటిని కాగితం పళ్లాల్లో పెట్టుకుని ఒకరి కళ్లలోకి ఒకరు చూడకుండా నమలడం. వేదిక మీద సూటు వేసుకున్న మనిషి నవ్వుతూ చెప్పాడు, చవక టికెట్ల కంపెనీ పైలట్లను ఉద్యోగంలోకి తీసుకోదట, ఏజెన్సీ తీసుకుంటుందట, ఆ ఏజెన్సీ కూడా తీసుకోదట, ప్రతి పైలటూ తన పేరుతో తానే ఒక కంపెనీ పెట్టుకుని, ఆ కంపెనీ తరఫున తననే తాను ఏజెన్సీకి పంపించుకోవాలట. ఇక నుంచి మీరు నౌకర్లు కాదు, మీరే ఒక కంపెనీ అన్నాడు. అని చప్పట్లు కొట్టాడు. మిగతావాళ్లూ కొట్టారు. యూనిఫారం మీదే, బస మీదే, జ్వరమొస్తే ఆ జ్వరమూ మీదే. చక్రం కదిలినప్పటినుంచి చక్రం ఆగేదాకా లెక్క, ఎండలో తలుపులు మూసుకుని విమానం కదలక గంటలకొద్దీ కాచుకున్న కాలం లెక్కలోకి రాదు. వెనక వరసలో ఒక కెప్టెన్ లేచి, పాసుకు పోయే టైము కూడా కోస్తారా సార్ అని అడిగి తనే పెద్దగా నవ్వాడు. ఆయన నవ్వుతుంటే చెంప మీది రంగు కాలర్లోకి దిగింది. అందరితో పాటు తను కూడా చప్పట్లు కొట్టింది, అది తల్చుకుంటే ఇప్పటికీ రెండు చేతులూ సబ్బుపెట్టి కడుక్కోవాలనిపిస్తోంది.

ప్లాట్‌ఫారం మీదికి దిగి విషయం కనుక్కొస్తానని పోయిన తిమ్మప్ప అప్పుడే తిరిగొచ్చాడు. ఎదురు సీటు ఆయనది. బోరుబండి యజమాని, ఎక్కినప్పటినుంచీ ఎక్కడెక్కడ ఎంత లోతుకు వేసినా నీళ్లు పడలేదో పెట్టెకంతా వినపడేలా చెబుతూ వచ్చాడు. ఇప్పుడు ఆ గొంతుకు కోపం కూడా తోడయింది.

"విన్యారా ఈ చోద్యం? డ్రైవరు దిగేసినాడంట! డ్యూటీ టైమయిపోయిందంట. ఇంకో డ్రైవరు గుంతకల్లు నుంచి రావల్లంట. ఈయప్ప ఆడ బెంచీ మీద సల్లగా పండుకోనుండాడు. బండి వాళ్ల తాతదా?"

ఆయన పక్కన కూర్చున్న ఆంజినమ్మ, ఒళ్లో కరేపాకు మూట పెట్టుకున్న ముసలామె, "సావనీలేప్పా, ఇంత దూరం వచ్చినోడు ఆ కొంచెం పోకూడదా" అంది.

ఆ కొంచెం పోకూడదా. ప్రశాంతికీ సరిగ్గా అదే అనిపించింది, ఇంకెంత, గుంతకల్లు ఇక్కడే కదా, కాస్త సర్దుకుపోతే ఏం పోయె అని. అనిపించిన మరుక్షణమే నోట్లోకి పులుపు ఊరింది. సర్దుకుపోవడం. నిన్న సూటాయన వాడింది ఆ మాటే, మాకు సర్దుకుపోయేవాళ్లు కావాలి, గడియారం చూసుకునేవాళ్లు వద్దు అని. ఎంత తొందరగా అంటుకుంది ఆ మాట, ఒక్క రాత్రిలో తన మాటే అయిపోయింది. అందులోనూ తను గుంతకల్లు రైల్వే క్వార్టర్సులో పుట్టి పెరిగిన మనిషి, డ్రైవర్ వెంకటరాముడి కూతురు. డ్యూటీ గంటలు దాటితే డ్రైవరు ముందే కంట్రోలుకు చెప్పి, స్టేషన్లో బండి నిలిపి దిగిపోవచ్చని తెలియని పసిబిడ్డ ఆ క్వార్టర్సులో లేదు.

నాయన నిద్ర. అబ్బ, ఎంత అసహ్యించుకునేది ఆ నిద్రను! బండి దిగి పొద్దున ఏ పదింటికో వచ్చి, నల్లటి ఇనప పెట్టె గడప లోపల దించి, గ్రీజు వాసన పోకముందే రెండు ముద్దలు తిని పడుకునేవాడు. అంతే, ఇంటికి ఊపిరి ఆగేది. అమ్మ కిటికీలకు తడిపిన గోనెపట్టాలు కట్టేది, కుక్కరు పొయ్యి మీద పెట్టేదే కాదు, చెంబు కింద పెడితే చప్పుడవుతుందని గుడ్డ మీద పెట్టేది. పిల్లలు బొటనవేళ్ల మీద నడవాలి. తుమ్మొస్తే పెరట్లోకి పరిగెత్తాలి. ఆ చీకటి గదిలోంచి గురక, చెమట, కొబ్బరినూనె కలిసిన ముక్కిపోయిన వాసన, నోరు తెరుచుకుని పడుకున్న నాయన, నోటి పక్కన ఈగ. మనిషి లాగా ఉండడు అనుకునేది అప్పుడు. వీధిలో గోళీలాడే పిల్లలు కేక పెడితే అమ్మ, ఎప్పుడూ గొంతెత్తని నాగలక్ష్మమ్మ, గడప మీద నిలబడి వేలు పెదాల మీద పెట్టి ఒకే ఒక్క మాట అనేది, ఇంట్లో డ్రైవరు పండుకోనుండాడు, మెల్లగ. నాయన అనేది కాదు, మీ మామ అనేది కాదు, డ్రైవరు అనేది. అంతటితో వీధి చల్లబడేది. ఎందుకంటే అందరి ఇళ్లలోనూ ఏదో ఒక పూట ఒక డ్రైవరు పడుకుని ఉంటాడు. పెళ్లి మేళం కూడా ఆ వీధి మలుపు దగ్గర డప్పు ఆపి, అవతలికి పోయాక మళ్లీ మొదలుపెట్టేది. ఏ కష్టం వచ్చినా, ఎంత చెడ్డ వార్త వచ్చినా డ్రైవరును నిద్రలో లేపకూడదు, డ్యూటీకి పోయేముందు చెప్పకూడదు. అవ్వ చనిపోయిన రోజు కూడా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నాయన తనంతట తాను లేచేదాకా గోడకు ఆనుకుని కూర్చుంది. లేచి సంగతి విన్న నాయన ముందు ఏడ్చాడు, తర్వాత అమ్మను తిట్టాడు, ఆ తర్వాత బాగా చేసినావులే అన్నాడు. అలా ఉండేది ఆ ఇల్లు.

ఆ ఇంట్లో పెరిగినందుకే కదా ఆ పని చేసింది. ఇంకే పైలటూ చేయని పని. అప్పుడు చంద్రమోహన్ ఆమెకు కెప్టెన్, ఆమె కో-పైలట్. గోరంట్ల దగ్గర పెద్ద భూముల ఇంటివాడు, విమానంలో కూడా కాలు మీద కాలు వేసుకుని కూర్చునే రకం. ఢిల్లీ నుంచి బెంగళూరుకు వస్తున్నారు, తెల్లారకముందు మొదలైన డ్యూటీ మధ్యాహ్నమైనా తెగలేదు, ఇద్దరికీ కళ్లలో ఇసుక పోసినట్టుంది. హైదరాబాద్ దాటాక ఏదో చెబుతున్నవాడు చెబుతూనే ఆగిపోయాడు. తిరిగి చూస్తే నిద్ర. నోరు తెరుచుకుని, తల పక్కకు వాల్చి, మెల్లగా గురక. ఇంకెవరైనా అయితే భుజం పట్టి కుదిపి లేపేవాళ్లు, లేపి తీరాలి, కనీసం వెనకున్న ఎయిర్‌హోస్టెస్‌నైనా పిలవాలి. ప్రశాంతి చెయ్యి ఆయన భుజం దాకా పోలేదు. తెలియకుండానే పోయి రేడియో స్పీకర్ శబ్దం తగ్గించింది. డ్రైవరు పడుకుని ఉన్నాడు. కింద నుంచి కంట్రోలర్ పిలిస్తే గుసగుసగా జవాబు చెప్పింది, వినపడలేదు మళ్లీ చెప్పమన్నాడు ఆయన, మళ్లీ గుసగుసగానే చెప్పింది. వెనక అంతమంది జనం, తెరిచిన కళ్లు ఆమెవి రెండే, అవీ మూతలు పడుతుంటే తొడ గిల్లుకుంటూ. కింద ఎర్రనేల, పెన్న ఇసుక గీత, తిరగని గాలిమరలు, గోరంట్ల ఎక్కడో ఎడమ పక్కన జరిగిపోతోంది, సొంతూరి మీదుగా పోతూ సొంతూరాయన గురక పెడుతున్నాడు. కిందికి దిగే వేళకు బెల్టులు పెట్టుకోమనే గంట నొక్కితే ఆ టింగుమన్న చప్పుడుకు లేచి, ఏం, వచ్చేసినామా అన్నాడు. రాత్రి సిబ్బంది వ్యానులో అందరికీ చెప్పుకుని నవ్వాడు, ఈ పిల్ల పక్కన ఉంటే ఇంట్లో పండుకున్నట్లే అని. అందరూ నవ్వారు. ఆరోజు ఆమెకు అది మెప్పుగానే తోచింది, మెడ కాస్త నిటారుగా పెట్టుకుని కూర్చుంది. అమ్మ కాపాడిన నిద్ర ఇంట్లోది, మంచం మీదిది. బండి మీద డ్రైవరు కునికితే అమ్మ ఏమనేదో తను ఎప్పుడూ అడగలేదు. అడగాల్సిన అవసరం ఆ ఇంట్లో రానేలేదు.

మరి కాదనేద్దామా అంటే, అది అంత సుళువా. పొద్దున్నే ఢిల్లీ పొగలోంచి పైకి లేచి ఒక్కసారిగా ఎండలోకి వచ్చేటప్పుడు ఒళ్లంతా కడిగినట్టుండేది, అది ఇంకెక్కడ దొరుకుతుంది? ఇల్లు తుడిస్తే వస్తుందా, బడిలో పాఠం చెబితే వస్తుందా? ఆమె ఇష్టపడ్డ పని లోకంలో ఆ ఒక్కటే, అది ఇప్పుడు ఈ మనుషుల చేతుల్లో ఉంది. నాయన్ను అడిగితే ఏమంటాడో తెలుసు. నిన్న ఫోన్లోనే అనేశాడు, "యాడైనా విమానం విమానమే కదమ్మా, చేరిపో, ఇంట్లో కూచుంటే తుప్పు పడతావు" అని. డ్యూటీ గంటలు తగ్గించమని యూనియన్ జెండా పట్టుకుని గుంతకల్లు డివిజన్ ఆఫీసు ముందు ఎండలో కూర్చున్న మనిషే, కూతురి దగ్గరికొచ్చేసరికి ఆ మాటే ఎత్తడు. వీధిలో అందరికీ చెప్పుకుని ఉంటాడు ఈపాటికి. పాప మళ్లీ ఎక్కుతాంది అని. తల్చుకుంటే ఏడుపొచ్చింది, ఏడుపు మీద కోపమొచ్చింది, కోపం మీద ఆ చిత్రాన్నం వాసన వచ్చింది. లేచి, బ్యాగు భుజాన వేసుకుని, తలుపు దగ్గరికి పోయి కిందికి దిగింది.

ఎండ నెత్తిన పడింది. ప్లాట్‌ఫారం అవతల వాన లేక పండు బారిన శనక్కాయ చేను, దాని వెనక నల్లటి రాతిగుండ్లు. వేపచెట్టు నీడలో సిమెంటు బెంచీ, దాని మీద డ్రైవరు. ముఖం మీద తువ్వాలు, తల కింద బ్యాగు, బూట్లు విప్పి బెంచీ కింద జతగా పెట్టుకున్నాడు, సాక్సు చిరుగులోంచి బొటనవేలు బయటికొచ్చింది. తువ్వాలు గురకతో లేచి పడుతోంది. అదే చెమట, అదే నూనె వాసన. ఛీ అనిపించింది, అయినా కాళ్లు అక్కడినుంచి కదల్లేదు. అప్పుడు మోగింది ఫోను. గబుక్కున శబ్దం నొక్కేసి చెవికి పెట్టుకుంది.

"ఏమ్మా ప్రశాంతీ, యాడుండావు?"

"రైలు దిగి నిలబడుకోనుండా అన్నా. బండి ఆగిపోయింది."

"రైలు సంగతి ఒదిలెయ్. నీ పేరు నేను పైన చెప్పేసినా, మన అనంతపురం పిల్ల అని. ఒక్క ప్రశ్న మిగిలుండాది, ఊరికే అడగల్ల కాబట్టి అడుగుతాండా. ఎప్పుడన్నా నేను అలసిపోయినాను, ఈపొద్దు ఎక్కను అని చెప్పి డ్యూటీ ఒదిలినావా? లేదనే చెప్పేస్తాలే." చంద్రమోహన్ నవ్వాడు. "నీ సంగతి నాకు తెలీదా? నన్ను పండుకోబెట్టి రేడియో తగ్గించిన పిల్లవి. అట్లాటోళ్లే కావల్లంట వాళ్లకి."

అట్లాటోళ్లే. ఆయన అబద్ధమేమీ ఆడటం లేదు. ఎన్ని పొద్దులు కళ్లు మండుతూ, తల దిమ్మెక్కి, అన్నం సయించక ఎక్కిందో ఆమెకే తెలుసు, ఒక్కరోజు కూడా నోరు తెరిచి వద్దనలేదు. లేదు అన్నది నిజం. ఆ నిజం చెబితే చాలు, వచ్చే నెలకు ఎండలోకి, మబ్బుల పైకి. నాలిక చివరికి వచ్చింది కూడా. ఆ మాట తనకు సర్టిఫికెట్టులా అంటించబోతున్నారని తలచుకోగానే ఒంటి మీద జెర్రి పాకినట్టయింది. గురక పెడుతున్న తువ్వాలు వైపు చూసింది.

"లేదని చెప్పద్దన్నా. చెప్పినా."

"ఏం చెప్పినావు? ఎప్పుడు?"

"ఇప్పుడే అన్నా. అలసిపోయినా. నీకే చెప్తాండా."

చంద్రమోహన్ గొంతులోంచి అన్న దిగిపోయి కెప్టెన్ వచ్చాడు. "ఎగతాళి చేయద్దు. ఆ మాట పోతే వాళ్లు నీ పేరే తీసేస్తారు. రేపు ఇంకో కంపెనీ అడిగినా నన్నే అడుగుతారు, తెలుసు కదా? నిదానంగా ఆలోచించుకో."

"ఆలోచించినా అన్నా. నువ్వు కూడా యాడన్నా నేల మీద పండుకో."

ఫోను ఆగిపోయింది. ఏదో గెలిచినట్టు అనిపిస్తుందేమో అనుకుంది, అనిపించలేదు. అయిపోయింది, ఇక ఆ పొద్దుటి ఎండ లేదు, నాయనకు ఏం చెప్పాలి, వీధిలో తలెత్తుకుని ఎట్లా నడవాలి, మురిగిపోయే ఆ లైసెన్సును ఏ అలమరలో దాచుకోవాలి, అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. బెంచీ చివర, ఆ చిరిగిన సాక్సు పక్కన, మిగిలిన కొంచెం చోట్లో కూలబడింది.

పెట్టెల్లోంచి గోల మొదలైంది. తిమ్మప్ప ముందు, వెనక పదిమంది, చేతులూపుకుంటూ వస్తున్నారు. "లేపండప్పా వాన్ని! జుట్టు పట్టుకోని ఇంజన్లో కూచోబెడదాం, ఎట్లా నడపడో చూస్తా!" అంటున్నాడు తిమ్మప్ప. ఎవరో విజిల్ వేశారు. తువ్వాలు కింద గురక ఒక్క క్షణం తడబడి, మళ్లీ అందుకుంది. తన ప్రమేయం లేకుండానే ప్రశాంతి లేచి నిలబడింది, బెంచీకి, జనానికి మధ్య. ఎదిరించడానికి కావాల్సిన గొంతు ఆమె దగ్గర లేదు, ఉన్నదంతా ఇందాకే ఖర్చయిపోయింది. అందుకని అమ్మ చేసినట్టే చేసింది, వేలు పెదాల మీద పెట్టింది.

"డ్రైవరు పండుకోనుండాడు," అంది. "మెల్లగ."

ఏడ్చిన ముఖంతో, నిన్నటి తెల్లచొక్కాతో అడ్డం నిలబడ్డ ఆడపిల్లను చూసి ముందువాడు ఆగాడు, ముందువాణ్ణి చూసి వెనకవాళ్లు ఆగారు. తిమ్మప్ప ఆమెను చూశాడు, బెంచీ కింద జతగా పెట్టిన బూట్లను చూశాడు, ఎత్తిన చెయ్యిని ఏం చేయాలో తెలియక తల గోక్కున్నాడు.

"ఏమయితాడమ్మా నీకు?" అని అడిగాడు, గుసగుసగా.

"ఏమీ కాడు," అంది ప్రశాంతి, ఇంకా మెల్లగా.